అటకమీద దొరికిన బేతాళుడి బొమ్మ.. ఒరిజినలా? ప్రింటా?

కోనసీమలో పాత పెంకుటింటి అటక దులిపితే చందమామ కట్టలు బయటపడటం మామూలే. అమలాపురం, రాజోలు, కొత్తపేట.. ఎక్కడైనా అంతే. వాటి మధ్య విడిగా ఒక బేతాళుడి బొమ్మ కనిపిస్తే? అది చేత్తో వేసిన ఒరిజినల్ అయ్యే అవకాశం తక్కువే. అలాగని చూడకుండా పారేయొద్దు.

భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడిని మన కళ్లకు కట్టింది శంకర్. అసలు పేరు కె.సి. శివశంకరన్. 1952లో చందమామలో చేరారు. 2020లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పద్మశ్రీ ఆ మరుసటి ఏడాది గానీ రాలేదు!

ఇంతకీ తేడా ఎలా తెలుస్తుంది? భూతద్దం చాలు. రంగుల ప్రింటులో సన్నటి చుక్కలు కనిపిస్తాయి. కుంచెతో వేసిన రంగులో అవి ఉండవు. నల్ల గీతల బొమ్మకు మాత్రం ఈ చిట్కా పనిచేయదు. గీతల బ్లాకులో చుక్కలు పడవు మరి. అప్పుడు పెన్సిల్ గుర్తులు, తప్పు దిద్దిన తెల్లరంగు, మార్జిన్‌లో సైజు రాతలు వెతకాలి. వెనుకవైపు కథ అచ్చయి ఉంటే అది పత్రికలో పేజీయే.

ఒరిజినల్ అనిపిస్తే లామినేషన్ చేయించొద్దు. జిగురుకి అంటుకున్న కాగితం మళ్లీ విడిరాదు. గోదావరి తేమకు బూజు ఇట్టే పడుతుంది కాబట్టి తడి గోడకు తగిలించొద్దు. వరదొస్తే ముందు బియ్యం మూటలు పైకెక్కుతాయి.. కాగితాల వంతు ఎప్పుడూ చివరే.

ఇంకో విషయం. బొమ్మ మీదైనా అచ్చేసే హక్కు మీది కాదు. మన చట్టంలో కాపీరైట్ చిత్రకారుడు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. బొమ్మను అమ్ముకోవచ్చు, పోస్టర్లు వేసి అమ్మకూడదు.