లైవ్‌లో నోరు జారితే

ఆస్ట్రేలియా టీవీలో అందరికన్నా పెద్ద తారను లైవ్ కార్యక్రమాలకు దూరం చేసింది ఒక కాకి అరుపు. 1975 మార్చి 3న మెల్‌బోర్న్ స్టూడియోలో గ్రాహం కెన్నెడీ షో నడుస్తోంది. ఆ రోజుల్లో ప్రకటనలు కూడా షో మధ్యలోనే, అప్పటికప్పుడు చదివేవారు. ఒకావిడ హెయిర్ స్ప్రే గురించి శ్రద్ధగా చదువుకుంటూ పోతుంటే కెన్నెడీకి చిలిపి పుట్టి, పక్క నుంచి కాకిలా అరిచాడు. మన కాకులు ‘కావ్’ అంటాయి. ఆయన కాకి మాత్రం ‘ఫా...ర్క్’ అంది! ఎఫ్‌తో మొదలయ్యే ఆ నాలుగక్షరాల ఇంగ్లీషు బూతుకు కాకి వేషం వేశాడని అర్థం కానివాళ్ళు లేరు. వందల్లో ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. ఇక మీదట నువ్వు లైవ్‌లో కనిపించడానికి వీల్లేదు, ముందే రికార్డు చేసి వేసుకోవాల్సిందే అని అక్కడి ప్రసారాల బోర్డు ఆంక్ష పెట్టింది.

అసలు విశేషం ఆ తర్వాత ఉంది. షో రికార్డింగులోకి మారాక, సమాచార శాఖ మంత్రిని కెన్నెడీ విమర్శించిన భాగాన్ని ఛానెల్ వాళ్ళు కత్తిరించేశారు. ఏప్రిల్ కల్లా ఆయన షో వదిలి వెళ్ళిపోయాడు. బూతు కోసమని తెచ్చిన కత్తెర రెండు నెలలు తిరక్కుండానే మంత్రిగారికి పనికొచ్చిందన్నమాట. ఇలాంటి రభసల్లో అన్న మాట ఎప్పుడూ ఒకటే. దాని వెనక నడిచే తంతే చూడముచ్చటగా ఉంటుంది.

రాణిగారికి ఉత్తరం

బ్రిటిష్ టీవీలో ఆ మాట తొలిసారి అన్న ఘనత సాధారణంగా కెన్నెత్ టైనన్‌కి కట్టబెడతారు. ఆయన తాగుబోతూ కాదు, రౌడీ కాదు. పేరున్న నాటక విమర్శకుడు, నేషనల్ థియేటర్‌లో ఉద్యోగి. 1965 నవంబర్ 13 రాత్రి బీబీసీ లైవ్ చర్చలో నాటకాల మీద సెన్సార్ గురించి అడిగితే, ఈ రోజుల్లో బుద్ధున్న వాళ్ళెవరూ ఫలానా మాటకు ఉలిక్కిపడరని చాలా మర్యాదగా చెప్పాడు. చెప్పడంలో భాగంగా ఆ ఫలానా మాట అనేశాడు. ఎవరూ ఉలిక్కిపడరన్న ఆయన జోస్యం తెల్లారేసరికి తలకిందులైంది. పార్లమెంటులో నాలుగు తీర్మానాలు ప్రతిపాదించారు. అధికార, ప్రతిపక్షాలు కలిసి 133 మంది ఎంపీలు సంతకాలు పెట్టారు. బీబీసీ క్షమాపణ చెప్పింది.

టీవీని శుభ్రం చేయాలని ఉద్యమం నడుపుతున్న మేరీ వైట్‌హౌస్ అనే మాజీ టీచరమ్మ ఏకంగా ఎలిజబెత్ రాణికే ఉత్తరం రాసింది. టైనన్‌ని పిలిచి పిర్ర మీద నాలుగు వాయించాలని అందులో ఆవిడ సలహా. బడిలో పిల్లలకి వేసే శిక్షే జాతీయ సమస్యకీ మందు! రాణిగారు బెత్తం పట్టలేదు గానీ, టైనన్ ఏ సెన్సార్ మీదైతే మాట్లాడాడో అది మూడేళ్ళకు, 1968లో, రద్దయింది.

ఇంకో సంగతి. ఆ ఘనత టైనన్‌ది కాదని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఐర్లండ్ నాటకకర్త బ్రెండన్ బీహన్ 1956లోనే బీబీసీ ఇంటర్వ్యూకి పూటుగా తాగి వచ్చి ఆ మాట అన్నాడట. కాకపోతే నాలుక ముద్దగా తిరగడం వల్ల ఏమంటున్నాడో ఎవరికీ అంతు పట్టలేదు, కాబట్టి గొడవా రాలేదు. 1959లో బెల్‌ఫాస్ట్ నది ఒడ్డున ఇనప కమ్మీలకు రంగులేసే ఒక కార్మికుడు, ‘ఈ పని ఎలా ఉంది?’ అని టీవీవాళ్ళు అడిగితే తన విసుగుని అదే మాటతో చెప్పాడనీ అంటారు. అదే మాట పెద్ద మనిషి నోట వస్తే పార్లమెంటు దాకా పోయింది!

టీవీని తన్నిన లారీ డ్రైవర్

బూతు మాట ఒక బ్యాండ్ తలరాతను మార్చిన కథ 1976 డిసెంబర్ 1న జరిగింది. థేమ్స్ టెలివిజన్ వాళ్ళ సాయంత్రం కార్యక్రమానికి ఫ్రెడ్డీ మెర్క్యురీ బృందం ‘క్వీన్’ రావాలి. రాలేకపోయారు. అదే రికార్డు కంపెనీ ఈఎంఐ, వాళ్ళ బదులు తమ దగ్గరే కొత్తగా చేరిన ‘సెక్స్ పిస్టల్స్’ కుర్రాళ్ళను పంపింది. యాంకర్ బిల్ గ్రండీకి వాళ్ళంటే మొదటి నుంచీ చులకన. వెంట వచ్చిన ఒక అమ్మాయితో వెకిలిగా మాట్లాడాడు. గిటారిస్టు స్టీవ్ జోన్స్ ఒక తిట్టు తిట్టాడు. ఇంకా టైముంది, ఇంకేమైనా దారుణమైన మాట అనవయ్యా అని గ్రండీ కవ్వించాడు. అడిగినవాడికి లేదనకుండా జోన్స్ వరసపెట్టి అందుకున్నాడు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా ఉండదు. టైమేమో జనం పిల్లలతో కలిసి టీ తాగే వేళ.

నిజానికి ఆ కార్యక్రమం లండన్ ప్రాంతంలో మాత్రమే వచ్చేది. దేశంలో చాలామంది దాన్ని చూడనే లేదు. మర్నాడు పొద్దున పేపర్లలో చదివి మండిపడ్డారు. డైలీ మిర్రర్ మొదటి పేజీ శీర్షిక ఎంత పేలిందంటే, ఆ బ్యాండ్ మీద తర్వాత తీసిన డాక్యుమెంటరీకి దాన్నే పేరుగా పెట్టుకున్నారు. ఆ పేపర్ రాసిన కబుర్లలో ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు: ఎనిమిదేళ్ళ కొడుకు పక్కనుండగా ఈ మాటలు విన్న ఒక లారీ డ్రైవర్‌కి ఒళ్ళు మండి టీవీని ఫెడీమని తన్నాడు. అద్దం పగిలింది, సొంత టీవీ పోయింది, తిట్టినవాడికి మాత్రం ఏమీ కాలేదు.

కాలేదని కూడా అనలేం. గ్రండీని రెండు వారాలు సస్పెండ్ చేశారు. బ్యాండ్ కచేరీలు ఊరూరా రద్దయ్యాయి. డెర్బీ పట్టణంలో కౌన్సిలర్లు, ముందు మా ఎదుట వాయించి చూపించండి, బాగుంటే అనుమతిస్తాం అన్నారు. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు, బ్యాండ్ రాలేదు. వేల్స్‌లోని కేర్‌ఫిల్లీలో కచేరీ జరిగింది గానీ, లోపల వీళ్ళు గిటార్లు బాదుతుంటే బయట కార్ల పార్కింగులో ఊరి జనం చలిలో నిలబడి క్రిస్మస్ భజనలు పాడారు. నాకు తెలిసినంతలో బూతుకు ఇంత సంగీతమయమైన నిరసన ఇంకోటి లేదు. జనవరిలో ఈఎంఐ వాళ్ళను వదిలించుకుంది. ఆ తర్వాత వాళ్ళ పేరు తెలియని ఇల్లు బ్రిటన్‌లో లేకుండా పోయింది.

దీనికో కొసరు ఉంది. అదే బ్యాండ్ గాయకుడు జాన్ లైడన్ 2004లో ఒక అడవి రియాలిటీ షోలో, లైవ్‌లో, ప్రేక్షకులనే అంతకన్నా ఘాటైన మాటతో తిట్టాడు. చూస్తున్నవాళ్ళు కోటి దాకా ఉంటారు. ఫిర్యాదులు వందలోపే!

లెక్కలో తిరకాసు

అమెరికాలో ఈ ఫిర్యాదుల లెక్క మరీ విచిత్రం. హాస్యనటుడు జార్జ్ కార్లిన్, ప్రసారాల్లో అనకూడని ఏడు మాటల మీద ఒక ప్రహసనం చేశాడు. ఆ మాటలన్నీ అంటూనే! 1973 అక్టోబర్‌లో న్యూయార్క్ రేడియో ఒకటి అలాంటిదాన్నే మిట్టమధ్యాహ్నం ప్రసారం చేసింది. కొడుకుతో కార్లో పోతూ విన్నానని ఒకాయన ఫిర్యాదు రాశాడు. ఒకే ఒక్క ఫిర్యాదు. అది ఎఫ్‌సీసీ అనే ప్రసారాల కమిషన్‌ని కదిలించి, కోర్టులెక్కి, 1978లో సుప్రీంకోర్టులో 5–4 తీర్పుగా తేలింది. పిల్లలు వినే వేళల్లో ఇలాంటి ప్రసారాలను ప్రభుత్వం కట్టడి చేయవచ్చంది కోర్టు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా కొంత సడలింపు అన్న అక్కడి పద్ధతికి పునాది ఆ తీర్పే.

2003 గోల్డెన్ గ్లోబ్స్ వేదిక మీద ‘యూ2’ గాయకుడు బోనో, అవార్డు రావడం ఎంత అద్భుతమో చెబుతూ ఆ అద్భుతానికి ముందు నాలుగక్షరాలు తగిలించాడు. వచ్చినవి 234 ఫిర్యాదులు. అందులో 217 ఒకే తల్లిదండ్రుల సంఘంతో సంబంధం ఉన్నవాళ్ళవి. కమిషన్ అధికారులు మొదట వ్యాకరణం తీశారు: ఆయన వాడింది విశేషణంగా, శృంగారార్థంలో కాదు, కనుక తప్పు లేదు. జనం నవ్వారు, నాయకులు కేకలేశారు, 2004 మార్చిలో కమిషనే మాట మార్చి తప్పేనంది.

ఆ మధ్యలో ఏం జరిగిందంటే, 2004 ఫిబ్రవరి 1న సూపర్ బౌల్ ఫుట్‌బాల్ మ్యాచ్ విరామంలో గాయని జానెట్ జాక్సన్ జాకెట్టు జారింది. అక్కడ నోరు జారలేదు గానీ పిడుగు నోళ్ళ మీదే పడింది. 5 లక్షల 40 వేల ఫిర్యాదులు. ప్రసారం చేసిన సీబీఎస్ ఛానెల్‌కి 5.5 లక్షల డాలర్ల జరిమానా (తర్వాత కోర్టు కొట్టేసింది). నెలాఖరులో ఆస్కార్ వేడుకను చరిత్రలో తొలిసారి ఐదు సెకన్లు ఆలస్యంగా ప్రసారం చేశారు. 2006లో కొత్త చట్టం గరిష్ఠ జరిమానాను 32,500 నుంచి 3,25,000 డాలర్లకు, సరిగ్గా పదింతలు పెంచింది.

భయం ఎంత దూరం పోయిందో చూడండి. 2004 నవంబర్ 11న, మాజీ సైనికుల దినాన, ఏబీసీ ఛానెల్ ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ యుద్ధ సినిమా వేస్తానంటే 60కి పైగా స్థానిక స్టేషన్లు మాకొద్దన్నాయి. చావుబతుకుల మధ్య సైనికులు తిట్టుకునే తిట్లకు ఎక్కడ జరిమానా పడుతుందోనని! దానికేం తప్పు లేదని కమిషన్ తర్వాత తీరిగ్గా చెప్పింది.

ఈ బాపతు కేసులే 2008లో సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు గంటసేపు వాదనలు నడిచాయి. ఏ మాట గురించైతే అంతమంది లాయర్లు, జడ్జీలు కూర్చున్నారో ఆ మాటను మాత్రం ఒక్కరూ పలకలేదు. ఆసాంతం ‘ఎఫ్ వర్డ్’ తోనే సరిపెట్టుకున్నారు.

ముచ్చటగా ఇంకొకటి: 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ బాంబుదాడి జరిగిన ఐదు రోజులకు, బేస్‌బాల్ మైదానంలో మైకు అందుకున్న ఆటగాడు డేవిడ్ ఓర్టిజ్ ‘ఇది మన ఊరు’ అన్నాడు. ఊరికి ముందు అదే విశేషణం, అదీ పట్టపగలు, లైవ్‌లో. ఈసారి ఎఫ్‌సీసీ ఛైర్మనే ట్విటర్‌లో, ఓర్టిజ్ మనసులోంచి మాట్లాడాడు, నేను ఆయన పక్షాన ఉన్నానని రాశాడు. బోనో పాపం పదేళ్ళు ముందు పుట్టాడు.

ఐదు సెకన్ల గోడ

ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆపి వదిలే ఏర్పాటు, 1952లోనే పెన్సిల్వేనియాలోని ఒక చిన్న రేడియో స్టేషన్ మొదలుపెట్టింది. శ్రోతల ఫోన్లు గాల్లోకి పోయేముందు ఒకసారి టేపు మీద తిరిగేవి. ఇప్పుడూ సూత్రం అదే. అయితే పెదవి దాటితే పృథివి దాటుతుందన్నది ఉత్తి మాట కాదు. 2022 ఆస్కార్ వేదిక మీద క్రిస్ రాక్ చెంప ఛెళ్ళుమనిపించి వచ్చి విల్ స్మిత్ కుర్చీలోంచి అరిచిన మాటలకు అమెరికాలో ధ్వని ఆపేశారు. జపాన్‌లో, ఆస్ట్రేలియాలో ఆపలేదు. నిమిషాల్లో ఆ క్లిప్పులు అమెరికా ఫోన్లలోకే తిరిగొచ్చాయి. ఎఫ్‌సీసీకి అందిన ఫిర్యాదులు 66.

మన దగ్గర

2010 నవంబర్‌లో కేంద్రం ‘బిగ్ బాస్’ హిందీ షోలో భాష, దృశ్యాలు బాగోలేవని రాత్రి 11 తర్వాతే వేసుకోమంది. ఛానెల్ బొంబాయి హైకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకుంది.

తెలుగులో అందరికీ గుర్తున్నది 2022 మే నాటిది. ‘అశోకవనంలో అర్జున కళ్యాణం’ సినిమా ప్రచారానికి హైదరాబాద్ రోడ్డు మీద తీసిన ప్రాంక్ వీడియో మీద చర్చకని హీరో విశ్వక్ సేన్ ఒక న్యూస్ ఛానెల్‌కి వెళ్ళాడు. మాటా మాటా పెరిగింది. యాంకర్ స్టూడియోలోంచి వెళ్ళిపొమ్మంది. ఆయన లేస్తూ ఆ ఇంగ్లీషు మాట అననే అన్నాడు. తర్వాత ఆ ఒక్క మాటకు క్షమాపణ చెప్పాడు. వ్యవహారం మంత్రి దాకా వెళ్ళింది. కానీ జనం పట్టుకున్నది బూతును కాదు, యాంకర్ అన్న ‘గెటౌట్’ని. కొన్ని రోజుల పాటు మీమ్స్ అన్నీ దాని మీదే. అదే మాట అచ్చ తెలుగులో పడుంటే ఇంత తేలిగ్గా పోయేదా అంటే నాకు అనుమానమే.

నాలుక తిరగబడ్డ పూట

అన్నీ కావాలని అన్నవే కావు. 2010 డిసెంబర్ 6 ఉదయం బీబీసీ రేడియోలో జేమ్స్ నాటీ, సాంస్కృతిక మంత్రి జెరెమీ హంట్ వస్తున్నారని చెప్పబోయాడు. ‘హంట్’, ‘కల్చర్’ రెండింటి మొదటి అక్షరాలూ నాలుక మీద తారుమారై, మంత్రి ఇంటిపేరు ఇంగ్లీషులో అన్నిటికన్నా పెద్ద బూతైంది. నాటీ నవ్వాపుకోలేక దగ్గుతూ వార్తల ముఖ్యాంశాలు చదివాడు. ఆ వెంటనే వచ్చే కార్యక్రమంలో ఆండ్రూ మార్, పొద్దున్న జరిగిన పొరపాటును మేం మళ్ళీ అనబోమని శ్రోతలకు భరోసా ఇస్తూ అదే తప్పు తనూ చేశాడు.

ఇక మైకు వింటోందని తెలియక అన్నవీ ఉన్నాయి. ఇటలీ ఫుట్‌బాల్‌లో మనిషిని తిడితే ఫరవాలేదు, దేవుణ్ణి తిడితే ఆట పోతుంది. కోవిడ్ కాలంలో ఖాళీ స్టేడియాల్లో ఆటగాళ్ళ గొణుగుళ్ళు కూడా మైకులకు దొరికాయి. రోమా ఆటగాడు క్రిస్టాంటేకి ఒక మ్యాచ్ నిషేధం, గోల్‌కీపర్ బఫన్‌కి మొదట 5,000 యూరోల జరిమానా పడ్డాయి.

క్రికెట్‌లో గొణుగుళ్ళు పట్టే పని స్టంప్ మైకు చేస్తుంది. 2019 జనవరిలో డర్బన్ వన్డేలో పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్, దక్షిణాఫ్రికా ఆటగాడు ఫెలుక్వాయోని రంగు పేరుతో ఉర్దూలో దెప్పుతూ ఏదో పెద్ద వాక్యమే అన్నాడు. మైకు అంతా పట్టేసింది. కామెంటరీ బాక్సులో తెల్లాయన పక్కనున్న రమీజ్ రాజాని, ఏమంటున్నాడని అమాయకంగా అడిగాడు. అక్షరం అక్షరం అర్థమైన రమీజ్ క్షణం తడబడి, అనువదించడం కష్టం, చాలా పొడుగు వాక్యం అని తప్పించుకున్నాడు. ఉపఖండంలో టీవీల ముందున్న కోట్ల మందికి అనువాదం అక్కర్లేకపోయింది. సర్ఫరాజ్ క్షమాపణ చెప్పాడు. ఐసీసీ నాలుగు మ్యాచ్‌ల నిషేధం వేసింది.