బిడ్డకొఱకు ఎవరి గడప త్రొక్కవలెను?

సంతానములేని దంపతులు మన దేశమున ఒక శిశువును చట్టరీత్యా దత్తత చేసికొనగోరి పేరు నమోదు చేయించుకొనినచో, ఆ శిశువు వారి యొడి చేరుటకు సగటున మూడున్నర సంవత్సరములు పట్టుచున్నదని 2025లో వెల్లడియైన లెక్కలు తెలుపుచున్నవి. 2017లో ఈ నిరీక్షణ సుమారు ఒక సంవత్సరము మాత్రమే. 2025 జూలై నాటికి పట్టికలో వేచియున్నవారు 36 వేలకు పైబడిరి. దత్తతకు సిద్ధముగా నున్న పిల్లలు సుమారు 2,600 మంది. అందును అనేకులు ప్రత్యేక వైద్యసంరక్షణ అవసరమైనవారు. ఒక్కొక్క బిడ్డకు పదుమూడు, పదునాలుగు దరఖాస్తు లన్నమాట.

ఇంతటి నిరీక్షణలో ధైర్యము సడలుట సహజము. మన దంపతులలో పెక్కుమంది పది పండ్రెండేండ్లు ఆసుపత్రుల చుట్టును, క్షేత్రముల చుట్టును తిరిగి, కట్టకడపట దత్తత మాట తలపెట్టుచున్నారు. భార్యాభర్తల వయస్సులు కలిపి 85 దాటినచో రెండేండ్ల లోపు శిశువును ఇచ్చుటకు నిబంధన లంగీకరింపవు. ఇది తెలియుసరికి గుండెలో రాయి పడును. సరిగా అట్టి సమయమున ఎవరో యొక ఆప్తుడు వచ్చి, "ఆ వరుస ఎందుకండీ? మాకు తెలిసిన నర్సమ్మ ఉంది. ఆమెతో మాట్లాడితే నెల తిరక్కుండా బిడ్డ చేతికొస్తుంది" అని చెవిలో నూదును. ఈ వ్యాసము ఆ మాట విని తలయూపబోవువారి కొఱకు.

దత్తత మనకు క్రొత్తది కాదు. కాని మన పూర్వులకు అది తండ్రి పిండోదకముల సమస్య. పిమ్మట పొలముల తగాదా. 1956లో హిందూ దత్తత చట్టము వచ్చువఱకు ఆడపిల్లను దత్తు చేసికొనుట సామాన్యముగా శాస్త్రసమ్మతము కాదు. ఇటీవలి సంవత్సరములలో దేశమున దత్తతకు పోవుచున్న పిల్లలలో ఆడపిల్లలే అధికులు! ఇంత మార్పు సద్దుచేయకుండ వచ్చినది. బిడ్డను దెచ్చుకొను మార్గము మాత్రము సద్దులేకుండ బాగుపడలేదు.

2015 ఆగస్టు 1వ తేదీకి పూర్వము దంపతులు సంస్థల గడపలు త్రొక్కెడివారు. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క పట్టిక. పలుకుబడి గలవాని పేరు పైకి ప్రాకెడిది; లేనివాని పేరు అడుగున నుండెడిది. ఆనాటినుండి దేశమంతటికిని ఒకే వరుస యేర్పడినది. కేంద్ర దత్తత వనరుల సంస్థ, అనగా అందఱు 'కారా' యని పిలుచునది, దానిని కంప్యూటరుపై నడుపుచున్నది. దంపతులు ఇంటినుండియే పేరు నమోదు చేసికొనవచ్చును. వారు కోరుకొనిన సంస్థ చేయు పని ముఖ్యముగా ఒక్కటే: కార్యకర్తను ఇంటికి పంపి, కుటుంబపు తీరును పరిశీలించి, నివేదిక వ్రాయించుట. బిడ్డ ఆ సంస్థనుండియే రావలెనను నియమము లేదు. వరుస వచ్చిననాడు బిడ్డ ఛాయాచిత్రము, వైద్యపరీక్ష వివరములు ఎదుటికి వచ్చును. 48 గంటలలో ఔననియో కాదనియో చెప్పవలెను. అనగా మంచి సంస్థను వెదకి పట్టుకొనినచో బిడ్డ త్వరగా దొరకు నను ఆశకు నేడు తావులేదు. ఏ సంస్థయైనను "మా ద్వారా వచ్చినచో త్వరగా నిప్పింతు" మని పలికెనేని, ఆ పలుకు విన్నంతనే లేచి రావలెను.

ఇక వ్యయము. 2022 నిబంధనల ననుసరించి ఇంటి పరిశీలనకు 6,000 రూపాయలు. శిశుపోషణ నిధికి 50,000. బిడ్డ ఇంటికి వచ్చిన పిమ్మట రెండేండ్లు ఆఱునెలల కొకమాఱు జరుగు పరామర్శకు ఒక్కొక్కదానికి 2,000. కూడినచో 64,000. విరాళమని, భవననిధియని అంతకు మించి పుచ్చుకొనుటకు సంస్థల కధికారము లేదు. ఇచ్చిన ప్రతి రూపాయికిని రసీదు ఉండవలెను. పేద గుమాస్తాకు ఇదియు భారమే యని నే నెఱుగుదును. కాని దీని ప్రక్కన చీకటిబేరము నుంచి చూడుడు. 2025లో సికింద్రాబాదున ఒక సంతానసాఫల్య కేంద్రము అద్దెగర్భము పేర దంపతులనుండి సుమారు 35 లక్షలు గైకొని, అస్సాము దేశపు పేద కుటుంబమునుండి కొనిన బిడ్డను వారి చేతిలో బెట్టినదని పోలీసులు అభియోగము మోపిరి. బిడ్డ రక్తము తమది కాదని జన్యుపరీక్షలో తేలువఱకు ఆ దంపతులకు ఈ సంగతి తెలియదు.

అనుమతిపత్రము గల సంస్థయే గదా యని నిశ్చింతగా నుండుటకును వీలులేదు. తెలుగువారమైన మనము ఈ మాట మఱవరాదు. 1999 నుండి 2001 వఱకు హైదరాబాదున బయటపడిన ఉదంతములలో నల్లగొండ ప్రాంతపు లంబాడీ తండాల ఆడశిశువులను దళారులు కొలది మొత్తమునకు కొని తెచ్చిరి. వారిని చేర్చుకొనినవి అనుమతిపత్రములు గల సంస్థలే. చదువెఱుగని తల్లుల వేలిముద్రలు పరిత్యాగపత్రములపై బడినవి. ఆ శిశువులలో ననేకులు సముద్రములు దాటి విదేశములకు పోయిరి. సంస్థలపై కేసులు పెట్టి పిల్లలను ప్రభుత్వ శిశువిహారమునకు తరలించిన పిమ్మట, దారిద్ర్యము కారణముగా బిడ్డను వదలుకొను పత్రములను ప్రభుత్వము 2001లో నిషేధించెను. ఆనాటి శిశువులు నేడు పాతికేండ్ల యువతులు. వారిలో ఎవరైన తమ తల్లి యెవరని వెదకినచో, చేతికి దొరకునది ఒక వేలిముద్ర. ఆ ముద్రయైన నిజమో కాదో!

ఇది యెఱిగిన పిమ్మట ఆలస్యమును గూర్చి మన ఆలోచన కొంత మారవలెను. ఆలస్యములు రెండు తెఱగులు. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకొనుటకు చట్టము రెండు నెలల గడు విచ్చినది. విడువబడిన శిశువునకై పత్రికలలో ప్రకటన లిచ్చి, పోలీసుల విచారణ ముగిసి, బాలల సంక్షేమ సమితి తీర్మానించుటకును, బిడ్డ రెండేండ్ల లోపువాడైనచో రెండు నెలలే గడువు. ఈ దినములు దంపతులవి కావు, ఆ తల్లివి. వీనిని తగ్గింపుమని కోరుట తగదు.

రెండవ తెఱగు ఆలస్యము క్షమింపరానిది. అది కాగితములది. పోలీసు నివేదిక రాలేదనియు, సమితికి సభ్యులు లేరనియు ఒక శిశువు కడుపు నిండియు ఒడి లేక ఊయలలో నెలలు గడపుచుండును. ఇంతకన్న ఘోరము మఱియొకటి కలదు. ఆశ్రమములలో పెరుగుచున్న పిల్లలలో, సంవత్సరముల తరబడి ఒక్క బంధువైన చూడవచ్చుట యెఱుగని వారున్నారు. వారి పేరు దత్తత పట్టికకు ఎక్కనే యెక్కదు. ఎక్కించు బాధ్యత ఎవరిదో యెవరికిని పట్టదు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఇట్టి పిల్లలను వెదకి గుర్తింపవలెనని రాష్ట్రముల కాజ్ఞాపించినది. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తరువులు న్యాయస్థానములకు బదులు జిల్లా కలెక్టర్లు ఇచ్చుచున్నారు. 2024-25లో దేశమున 4,515 దత్తతలు జరిగినవి. పండ్రెండేండ్లలో ఇదియే అధికము. సంతోషమే. కాని 36 వేల మంది నిలిచియున్న వాకిట ఇది యే మూలకు?

కావున సంస్థను ఎంచుకొనుటలో చూడవలసిన దేమి? త్వరయు కాదు, వెలయు కాదు. అవి రెండును అంతట నొక్కటే. ఇంటికి వచ్చు కార్యకర్తను చూడవలెను. ఆమె మీ ఆస్తిపత్రములు మాత్రమే చూచి పోవునా, లేక ఇంట నున్న ముసలి అత్తగారిని కూర్చుండబెట్టుకొని, "బిడ్డ నల్లగా ఉంటే ఏమంటారమ్మా? కులం తెలియకపోతే ఏమంటారు?" అని యడుగునా? అడిగిన కార్యకర్త గల సంస్థయే మంచిది, మీకు ఆనాడు కోపము వచ్చినను సరే. బిడ్డకు దత్తత సంగతి ఎన్నడు, ఎట్లు చెప్పవలెనో నేర్పుదురా యని విచారింపుడు. బిడ్డ పుట్టుపూర్వముల కాగితములు భద్రముగా నుంచుదురా యని యడుగుడు. పెరిగి పెద్దయైననాడు వానిని వెదకుకొను హక్కు బిడ్డకున్నది. రెండు రాష్ట్రములలోను ప్రభుత్వ శిశుగృహము లీ పని చేయుచున్నవి. గోడలు పెచ్చులూడియున్న వని వెనుదిరుగనక్కఱలేదు.

బంధువుల బిడ్డనో, ఎఱిగినవారి బిడ్డనో తెచ్చుకొనువారికి 1956 చట్టపు మార్గము నేటికిని కలదు. ఇచ్చు తల్లిదండ్రులును, పుచ్చుకొనువారును ఎదురెదుట నుండవలెను. పత్రము రిజిస్టరు చేయించుట మేలు. చేతులు మారు సొమ్ము ఒక్క రూపాయియు నుండరాదు. దళారులు ఈ మార్గపు పేరును వాడుకొని ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను తెల్లవారునంతలో చేతులు మార్చుచున్నారు. శిశువిక్రయమునకు బాల న్యాయ చట్టము అయిదేండ్ల వఱకు కఠినశిక్ష విధించినది. ఆసుపత్రి సిబ్బందియైనచో మూడునుండి యేడేండ్లు. కొనినవానికిని ఈ శిక్ష తప్పదు. పోలీసులు వచ్చిననాడు, ఆఱు నెలలు అమ్మా యని యలవాటుపడిన బిడ్డను చేతులనుండి తీసికొనిపోవుదురు.

నా కెఱుకపడిన ఉపాధ్యాయ దంపతులు పేరు వ్రాయించుకొని రెండేండ్లు దాటినది. నిరుడు ఒకడు టెలిఫోను చేసి నాలుగు లక్షలకు మగశిశువు నిప్పింతునన్నాడట. ఆమె, "తల్లి సంతకం చేసిన కాగితం చూపిస్తారా? డబ్బుకు రసీదిస్తారా?" అని రెండే ప్రశ్న లడిగినది. అవతలివాడు మాటాడక పెట్టివేసినాడు. ఆ రాత్రి తనకు నిదుర పట్టలేదనియు, తప్పుచేసితినా యని తెల్లవార్లు భర్తను అడుగుచుంటిననియు ఆమెయే చెప్పినది. వారి వరుస ఇంకను రాలేదు. గోడకు ఊయల కొక్కెము మాత్రము ఈ వేసవిలో బిగించుకొనిరి.