ఓడ గడియారం విలువ తూకంలో లేదు

మన హైదరాబాద్‌కు సముద్రం లేదు. అయినా మాదన్నపేటలోని ఒక పాత ఇంట్లో ఓడ గడియారం బయటపడితే ఆశ్చర్యపోనక్కరలేదు. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో 1983 నుంచి పాత ఓడలను విడగొడుతున్నారు. ఆ సామాను చేతులు మారుతూ మన జుమేరాత్ బజార్ వంటి సంతలకు కూడా చేరవచ్చు. ఇంటి పెద్ద కన్నుమూసి, విరాసత్ పంచుకునే వేళ ఇటువంటి వస్తువు చేతికి వస్తుంది. కబాడీవాలా దానిని ఇత్తడి తూకానికి అడుగుతాడు. మరో వ్యాపారి అటువంటిదే కొత్తది చూపి, "ఇంగ్లీషువాళ్ళ కాలంది" అంటూ వేలు చెబుతాడు. ఈ రెండు మాటలనూ నమ్మే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మొదట లోపలి యంత్రం చూడాలి. ఊగే ఓడలో లోలకం పనిచేయదు. కాబట్టి ఓడ గడియారంలో చేతి గడియారంలో మాదిరి అటూ ఇటూ తిరిగే చక్రం ఉంటుంది. లోలకం ఉంటే అది ఇంటి గడియారమే. బ్యాటరీ ఉంటే అది పాతది కాదు, లేదా అసలు యంత్రం తీసేశారన్నమాట. గోడకు బిగించడానికి కేసు అంచున స్క్రూ రంధ్రాలు ఉంటాయి.

రెండవది గంటల లెక్క. కొన్ని ఓడ గడియారాలు గంట కొట్టవు. కొట్టేవి మాత్రం ఓడలోని నాలుగు గంటల కాపలా ప్రకారం కొడతాయి: పన్నెండున్నరకు ఒకటి, ఒంటిగంటకు రెండు, ఇలా అరగంటకొకటి పెరిగి నాలుగింటికి ఎనిమిది. నాలుగున్నరకు మళ్ళీ ఒకటే.

డయల్‌పై 15-18, 45-48 నిమిషాల మధ్య ఎర్ర రంగు ఉంటే అది రేడియో గది గడియారం. ఆ మూడేసి నిమిషాలు ఆపరేటర్లు తమ ప్రసారం ఆపి, ఆపదలో చిక్కిన ఓడల పిలుపు కోసం చెవులు రిక్కించి వినేవారు.

మూడవది పేరు. డయల్ మీద ఉన్న పేరు తయారీదారుదే కానక్కరలేదు, అమ్మిన దుకాణానిదీ కావచ్చు. కనుక యంత్రంపై ఉన్న పేరు, నంబరు చూడాలి. 1897లో బోస్టన్ సమీపంలోని చెల్సీలో మొదలైన చెల్సీ కంపెనీ గడియారాలకు ఆ నంబరును బట్టి తయారైన కాలం తెలుస్తుంది. నకిలీలు తరచు తమ అబద్ధాన్ని తామే చెప్పుకుంటాయి. "విక్టోరియా స్టేషన్, 1747" అని రాసిన అలంకార గడియారాలు బజారులో ఉన్నాయి. లండన్‌లో ఆ స్టేషన్ తెరిచింది 1860లో!

ఇక వెల. యంత్రం, డయల్, ముళ్ళు, కేసు అన్నీ మొదటినుంచీ ఒకదానికొకటి చెందినవైతే విలువ ఎక్కువ. డయల్‌కు కొత్త రంగు వేస్తే, కేసును అద్దంలా రుద్దితే విలువ పడిపోతుంది. కాబట్టి మెరుగు పెట్టకండి. చీకటిలో మెరిసే రంగు పూసిన పాత డయళ్ళలో రేడియం ఉండవచ్చు, ఆ రంగును గీకకండి. అనుభవమున్న ఘడీసాజ్‌చేత లోపల చూపించండి. అమ్మేవారు అడిగే ధరను కాక, వేలంలో అటువంటివి నిజంగా అమ్ముడుపోయిన ధరను చూడండి. నూరేళ్ళు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం వెలుపలకు పంపడాన్ని 1972 నాటి చట్టం నిషేధించిందని కూడా గుర్తుంచుకోండి.

ఇదంతా సంపన్నుల సరదా అనుకోవద్దు. విలువ తెలియకుండా తూకానికి అమ్మితే నష్టపోయేది వారసులందరూ. విలువ తెలిసిన ఒక అన్న "పాత ఇత్తడే కదా" అని తన దగ్గర ఉంచేసుకుంటే, చెల్లెలి హక్కు పోతుంది. తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన సంగతి మనకు తెలుసు. మార్చిన యంత్రాన్ని అసలుదని అమ్మడం కూడా అటువంటిదే. పంచుకునే ముందు అందరి ఎదుట వెల కట్టించండి. అమ్మేటప్పుడు ఉన్న లోపం చెప్పి అమ్మండి.