మొక్క ఒక్కటే చాలదు, కాలువ కావాలి
కోరంగి మడ అడవికి పోటునీరే ప్రాణం

తాళ్ళరేవు: కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సు చొల్లంగి దాటాక ఎడమ చేతి వైపు పచ్చగా కనిపించేదంతా మడ అడవే. 1978లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యం చేసింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల ఇక్కడి ముఖ్యమైన చెట్లు. రొయ్యపిల్ల, మండపీత, పండుగప్ప చిన్నప్పుడు పెరిగేది ఈ వేళ్ళ మధ్యనే. అడవి పోతే వల ఖాళీ అన్నది ఇక్కడి జాలర్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఈ అడవికి తుపాను కొత్త కాదు. 1839 తుపానుకు కోరంగి రేవు నాశనమైంది. 1996 నవంబరు 6 తుపానులో జిల్లాలో వందలాది కుటుంబాలు మనుషులను పోగొట్టుకున్నాయి. గాలికి విరిగిన మడ మళ్ళీ చిగురిస్తుంది. ఉప్పుపొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, బురదలో పడి నిలబడుతుంది. ఒక దెబ్బను ఓర్చుకునే శక్తి దీనికి ఉంది.

వచ్చిన చిక్కల్లా దెబ్బలన్నీ ఒక్కసారే పడటం. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటిది. తర్వాత ఎగువన జలాశయాలు పెరిగేకొద్దీ గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గిపోయింది. ఉప్పాడ తీరం కోతకు ఇదీ ఒక కారణం. 1990లలో రొయ్యల చెరువులు విస్తరించాయి. చెరువులకు పిల్ల కోసం సన్నకన్ను వలలు వేసి, కావలసిన పిల్ల ఏరుకుని తక్కినది ఒడ్డున పారబోసిన రోజులున్నాయి. వంటచెరకు నరకటం, గేదెలను తోలటం సరేసరి.

నరికిన చోట నేల కుంగి నీరు నిలుస్తుంది. ఎండకు ఆ నీరు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. 1990ల చివర అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ కలిసి, ఊరి వాళ్ళను కూడగట్టి, చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. పోటుకు నీరు లోపలికొచ్చి, పాటుకు బయటికి పోతే ఉప్పు తగ్గింది, మొక్క బతికింది.

అయితే ఆ కాలువలు ఒండ్రుతో పూడుతుంటాయి. నాటే రోజున పెద్దలొస్తారు, ఫోటోలు పడతాయి. పూడికతీతకు ఎవరొస్తారు? ఎన్ని మొక్కలు నాటిందీ చెప్పే అధికారులు, ఎన్ని కాలువల్లో నీరు పారుతున్నదీ కూడా ఏటా ప్రకటిస్తే బాగుంటుంది.