బొమ్మ రైలుకు చీడ పడుతుందా?

తపాలా బిళ్లలు, నాణేలు సేకరించేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఇంగ్లండులో కొందరు పాత బొమ్మ రైళ్లను సేకరిస్తారు. వాటిలోనూ తయారీ ఎప్పుడో ఆగిపోయిన ‘హార్న్‌బీ డబ్లో’ రైళ్లంటే ఎందరికో మక్కువ. తపాలా బిళ్లను ఆల్బంలో పెడితే చాలు. రైలు మాత్రం నడవాలి. చెడిపోతే విడిభాగాలు పంపడానికి ఫ్యాక్టరీ లేదు. అందుకే ఈ సరదాకు కాస్త విజ్ఞానశాస్త్రం కూడా తెలియాలి.

లివర్‌పూల్ నగరంలోని మెకానో కంపెనీ ఈ రైళ్లను 1938లో విడుదల చేసింది. అసలు రైలులో 1 అడుగు పొడవు ఈ బొమ్మలో 4 మిల్లీమీటర్లు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అయితే పట్టాలు రెండు కాదు, మూడు!

ఎందుకని? నడిమి పట్టా నుంచి విద్యుత్తు ఇంజనులోని మోటారుకు చేరుతుంది. అక్కడినుంచి చక్రాల గుండా పక్క పట్టాల్లోకి వెళ్తుంది. వలయం పూర్తవుతుంది. రెండు పట్టాల పద్ధతిలో ఒకటి ధన ధ్రువం, రెండోది రుణ ధ్రువం. అప్పుడు ఒకే ఇరుసుకున్న రెండు చక్రాల మధ్య ప్లాస్టిక్ వంటి బంధకం ఉండి తీరాలి. మూడు పట్టాల ఇంజనును రెండు పట్టాల మీద పెడితే దాని లోహపు చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. షార్ట్ సర్క్యూట్ అవుతుంది!

‘ట్రై-ఆంగ్’ అనే పోటీ రైళ్లు ప్లాస్టిక్‌వి, చవకైనవి, రెండు పట్టాలవి. డబ్లో కూడా 1959లో రెండు పట్టాల పద్ధతి మొదలుపెట్టింది కాని, ఆలస్యమైపోయింది. 1964లో ట్రై-ఆంగ్ యజమానులైన లైన్స్ బ్రదర్స్ మెకానో కంపెనీని కొనేశారు. డబ్లో తయారీ ఆగిపోయింది. లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. హార్న్‌బీ పేరుతో నేడూ రైళ్లు వస్తున్నాయి. కాని అవి ట్రై-ఆంగ్ వంశానివే.

మిగిలిన పాత రైళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు పోతపోసిన భాగాలు కొన్ని అలమరలో ఉండగానే ఉబ్బి, పగిలి, పొడిగా రాలిపోతాయి. దీన్ని ‘జింకు చీడ’ అంటారు. ఇది పురుగు పని కాదు. ఈ భాగాలు జింకు, కొద్దిగా అల్యూమినియం కలిసిన మిశ్రలోహంతో చేసినవి. అందులో రవంత సీసం కలిసినా, లోహం చల్లారేటప్పుడు అది స్ఫటికాల మధ్య సందుల్లో చేరుతుంది. గాలిలోని తేమ తగిలి ఆ సందుల వెంట లోహం క్షయమవుతుంది. అలా ఏర్పడిన పదార్థానికి ఎక్కువ చోటు కావాలి. లోపలి చువ్వ తుప్పుపట్టి స్లాబు పెచ్చులూడటం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. అందుకే ఇలాంటి పోతలకు 99.99 శాతం శుద్ధమైన జింకు వాడతారు.

ఈ చీడ పక్క రైలుకు అంటుకోదు. కాని దీనికి మందు లేదు. తేమ, వేడి తగలకుండా దాచితే దాని వేగం తగ్గుతుంది.

పొడి అయిన చక్రం స్థానంలో కొత్తది వేయవచ్చు. అయితే అది కొత్తదని చీటీ రాసి రైలుతోపాటు ఉంచాలి. లేకపోతే రేపు చూసేవాళ్లు 1938 నాటి చక్రం అలాగే ఉండేదనుకుంటారు. కాదని చెప్పడానికి ఆ ఫ్యాక్టరీ లేదు కదా!