ప్లీడర్లకు పెద్ద ఎవరు?

పిల్లలూ! వేసవిలో మీరు ఎప్పుడైనా హనుమాన్ జంక్షన్ వచ్చారా? ఆంజనేయస్వామి గుడి దగ్గర రోడ్లు కలుస్తాయి. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు - ఎటు వెళ్ళేవారికైనా అదే కూడలి. నూజివీడు వైపునుంచి మామిడికాయల లారీలు వస్తూ ఉంటే రోడ్డంతా రసాల వాసన!

చాలా ఏళ్ళ క్రితం ఆ కూడలిలోనే నాకు తెలిసిన రైతు ఒకడు కనిపించాడు. అతని ముఖం వాడిపోయి ఉన్నది. అతని మామిడితోట గట్టు విషయమై కోర్టులో దావా నడుస్తున్నది. వేరే ప్లీడరును పెట్టుకొందామని కాగితాలు అడిగితే, మొదటి ప్లీడరు, "బాకీ ఉన్న ఫీజు చెల్లిస్తేగాని ఇవ్వను," అన్నాడట.

"మేష్టారూ, దొంగతనం జరిగితే పోలీసులతో చెబుతాం. ప్లీడరు మీద ఎవరితో చెప్పుకోవాలండీ?" అని అడిగాడు.

నాకు తెలియలేదు. ఊరికంతా చదువు చెప్పేవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. పాపం, అతడు ఆ ఏటి కాపు అయినకాడికి అమ్మి, అడిగినంతా కట్టి, కాగితాలు తెచ్చుకొన్నాడు. తరువాత నేను తెలుసుకొన్న జవాబు ఇదీ: బార్ కౌన్సిల్.

పూర్వం మన దేశంలో న్యాయవాదులందరూ ఒకే తరగతి కారు. ప్లీడర్లు, వకీళ్ళు, బారిస్టర్లు అని రకరకాలు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో సెకండు గ్రేడు ప్లీడరుగా మంచి పేరు తెచ్చుకొన్నారు. అయినా హైకోర్టులో వాదించే హక్కు ఆయనకు లేదు. అందుకని సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై, 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

1961లో పార్లమెంటు అడ్వకేట్ల చట్టం చేసింది. ఆ చట్టం ఈ రకాలన్నిటినీ తీసివేసి, అందరికీ అడ్వకేటు అనే ఒకే పేరు పెట్టింది. రాష్ట్రాలలో బార్ కౌన్సిళ్ళనూ, వాటి పైన భారత బార్ కౌన్సిల్‌నూ ఏర్పాటు చేసింది. రాష్ట్ర కౌన్సిల్ సభ్యులను అడ్వకేట్లే ఓట్లు వేసి ఎన్నుకొంటారు. ఒక్కొక్క రాష్ట్ర కౌన్సిల్ ఒక్కొక్క సభ్యుణ్ణి భారత కౌన్సిల్‌కు పంపుతుంది. కోర్టు ఆవరణలో ఉండే బార్ అసోసియేషన్ వేరు. అది అక్కడి ప్లీడర్లు పెట్టుకొన్న సంఘం.

మీ బడిలో హాజరుపట్టీ ఉన్నట్లే, రాష్ట్ర కౌన్సిల్ వద్ద అడ్వకేట్ల పట్టిక ఉంటుంది. నల్లకోటు తొడుక్కొన్నంత మాత్రాన ఎవరూ అడ్వకేటు కారు, పట్టికలో పేరుండాలి. న్యాయశాస్త్రం చదువు ఎలా ఉండాలో, అడ్వకేట్ల నడవడి ఎలా ఉండాలో భారత కౌన్సిల్ నియమాలు చేస్తుంది. కక్షిదారు డబ్బుకు లెక్క ఉంచాలి. అతని రహస్యాలు బయటపెట్టరాదు. గెలిచిన ఆస్తిలో వాటా అడగరాదు.

నియమం తప్పినవారిమీద రాష్ట్ర కౌన్సిల్‌కు ఫిర్యాదు వ్రాయవచ్చు. ముగ్గురు సభ్యుల కమిటీ విచారిస్తుంది. తప్పు రుజువైతే మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపించవచ్చు, పట్టికనుంచి పేరే కొట్టివేయవచ్చు. ఏడాదిలో తేలకపోతే విచారణ భారత కౌన్సిల్‌కు వెళుతుంది. దాని తీర్పు నచ్చనివారికి సుప్రీంకోర్టు ఉన్నది.

మా రైతుకు వచ్చిన చిక్కే మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకుకు వచ్చింది. ఫీజు బాకీ ఉన్నదని అడ్వకేటు కేసుల కాగితాలు ఇవ్వలేదు. అది తప్పని భారత కౌన్సిల్ కమిటీ తేల్చింది. 2000లో సుప్రీంకోర్టు శిక్షను మందలింపుగా తగ్గించింది గాని, తప్పు తప్పేనన్నది. ఫీజు రాబట్టుకొనే దారులు వేరే ఉన్నాయి. కక్షిదారు కాగితాలను పట్టి ఉంచరాదు.

అయితే, పోయిన తోటను బార్ కౌన్సిల్ తెచ్చి ఇవ్వలేదు. అది కోర్టు పని. అడ్వకేటు దారి తప్పకుండా చూడడమే కౌన్సిల్ పని.

ఆ రైతు ఇప్పుడు లేడు. తోట ఉన్నది, ఏటా కాస్తూనే ఉన్నది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అతని ప్రశ్న నాకు గుర్తుకు వస్తుంది. పిల్లలూ, మీ ఇంట్లో ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే, మీరు నావలె తెల్లమొగం వెయ్యకండి. జవాబు చెప్పండి!