అరచేతిలో గ్రంథాలయం: చదివించేదెవరు?

ఖరగ్‌పూర్: రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌కు రెండు ముఖాలున్నాయి. మొదటిది రైల్వే వర్క్‌షాపు, బారులు తీరిన క్వార్టర్లు, 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం. ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా దశాబ్దాలపాటు పేరు మోసిన ఆ ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్‌కు ఆ గౌరవాన్ని అప్పగించింది. 2023లో హుబ్బళ్ళి ఆ రెండింటినీ మించిపోయింది. రెండవ ముఖం కొద్ది కిలోమీటర్ల దూరంలో హిజ్లీ వద్ద వున్న ఐఐటి. స్వాతంత్ర్య సమరయోధులను నిర్బంధించిన భవనంలో 1951లో ఆరంభమైన ఈ సంస్థ దేశంలో మొట్టమొదటి ఐఐటి. రైలు చక్రాలకు మరమ్మతులు చేసే ఈ ఊరే నేడు దేశమంతటి విద్యార్థుల సెల్‌ఫోన్లలోకి ఒక గ్రంథాలయాన్ని పంపిస్తున్నది.

దాని పేరు జాతీయ డిజిటల్ గ్రంథాలయం. కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ ఆధ్వర్యాన ఐఐటి ఖరగ్‌పూర్ దీనిని రూపొందించింది. 2018 జూన్ 19న, జాతీయ పఠన దినోత్సవం నాడు, నాటి మంత్రి ప్రకాశ్ జవదేకర్ దీనిని జాతికి అంకితం చేశారు. కేరళ గ్రంథాలయోద్యమ నిర్మాత పి.ఎన్. పణిక్కర్ వర్ధంతి దినమది. ఆనాటి ప్రభుత్వ ప్రకటన ప్రకారం 160కి పైగా సంస్థల నుండి, 200కు మించిన భాషలలో, 1.7 కోట్ల విద్యా వనరులు ఇందులో సమకూడాయి. పాఠ్యపుస్తకాలు, పరిశోధన వ్యాసాలు, ఉపన్యాసాల వీడియోలు, పాత ప్రశ్నపత్రాలు ఒకే గడప నుండి వెదుక్కోవచ్చు. మొబైల్ యాప్ ద్వారానూ ఈ సేవ ఉచితం.

అయితే కోట్ల సంఖ్యలో గ్రంథాలు పోగుచేయడం ఒక ఎత్తు, వాటిని చదివే సమాజాన్ని నిర్మించడం మరొక ఎత్తు. యాప్‌ను ఫోనులోకి దించుకోవడానికి ఒక్క నిమిషం చాలు. మరుసటి వారం దాన్ని తొలగించడానికి అంత వ్యవధి కూడా అక్కరలేదు. ఎందరు దించుకున్నారన్నది ప్రకటనలకు పనికివచ్చే అంకె మాత్రమే. ఎందరు తిరిగివచ్చారు, వచ్చినవారికి కావలసినది దొరికిందా, దొరకనప్పుడు ఎవరికి చెప్పుకున్నారు అన్నవే అసలు ప్రశ్నలు. ప్రభుత్వ ధనంతో నడిచే సేవకు ఈ ప్రశ్నలు మరింత వర్తిస్తాయి.

ఈ గ్రంథాలయం పనిచేసే తీరును గమనిస్తే సమస్య బోధపడుతుంది. పుస్తకాలన్నీ ఖరగ్‌పూర్‌లోని యంత్రాలలో దాచివుంచరు. ఏ పుస్తకం ఏ సంస్థ వద్ద వున్నదో తెలిపే వివరాలను మాత్రమే ప్రధానంగా సేకరించి, ఒక క్రమంలో అమర్చుతారు. పాత గ్రంథాలయాలలో చెక్క సొరుగుల్లో వుండే సూచిక కార్డుల వంటి ఏర్పాటిది. మూల సంస్థ తన చిరునామా మార్చినా, హక్కుల కారణంగా తలుపు మూసినా పాఠకుడికి పేరు కనిపిస్తుందే తప్ప పుస్తకం చేతికందదు. కోట్ల కార్డులను నిత్యం సరిచూడడం ఏ కార్యాలయ సిబ్బందికీ సాధ్యం కాదు. ఆ లోపాన్ని ముందుగా కనిపెట్టేది పాఠకుడే. ఆ పాఠకుడు నోరువిప్పి చెప్పేలా, చెప్పిన మాట వినేవారు వుండేలా చూడడమే వినియోగదారుల సమాజ నిర్మాణంలోని అసలు పని.

నిర్వాహకులు ఈ సంగతి గుర్తించారనడానికి విద్యాసంస్థలలో ఏర్పడుతున్న ఈ గ్రంథాలయపు క్లబ్బులు నిదర్శనం. కళాశాలో, పాఠశాలో తన పేరు నమోదు చేసుకొని క్లబ్బు ప్రారంభించవచ్చు. సంస్థ అధిపతి పోషకుడిగా వుంటారు. అధ్యాపకులు, గ్రంథపాలకులు నిర్వహణ భారం వహిస్తారు. విద్యార్థులు సభ్యులుగా చేరి పుస్తక పరిచయాలు, వ్యాసరచన పోటీలు, శిక్షణ తరగతులు జరుపుకుంటారు. దూరాన వున్న ఒక కేంద్రం లక్షలాది అపరిచితులతో నేరుగా మాట్లాడడానికి బదులు, ఎక్కడికక్కడ ముఖపరిచయం వున్న ఒక బాధ్యుడి ద్వారా మాట్లాడడం ఇందులోని కీలకం.

ఈ విధానం ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1902 నాటికి వాల్తేరు వరకు తన మార్గాన్ని విస్తరించుకోవడంతో ఉత్తరాంధ్ర నుండి వేలాది కుటుంబాలు పనికోసం ఈ పట్టణానికి తరలివచ్చాయి. తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ, తమిళం మాట్లాడే కార్మికులను ఒక్క తాటిపైకి తేవడం ఆనాడు చిన్న పని కాదు. బరంపురంలో పుట్టిన తెలుగు నాయకుడు, అనంతరం 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఆ రైల్వే కార్మికోద్యమంలో ప్రముఖ పాత్ర వహించారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికుల సమ్మె దేశం దృష్టిని ఆకర్షించింది. చందా పుస్తకంలో పేరున్న ప్రతివాడూ సంఘజీవి కాడు. తన ఫిర్యాదు పైదాకా వెళ్ళిందని, జవాబు తిరిగి వచ్చిందని కళ్ళారా చూసినప్పుడే అతడు సంఘానికి తనవాడవుతాడు. ఏ సంఘానికైనా, సెల్‌ఫోను సమాజానికైనా వర్తించే సూత్రమిదే.

రైల్వే ప్రయాణికులకు సుపరిచితమైన మరొక ఉదాహరణ వున్నది. రైలు ఎక్కడున్నదో తెలిపే 'వేర్ ఈజ్ మై ట్రైన్' యాప్‌ను బెంగళూరుకు చెందిన సిగ్మాయిడ్ ల్యాబ్స్ తయారుచేయగా, 2018 డిసెంబరులో గూగుల్ సంస్థ దానిని కొనుగోలు చేసింది. అప్పటికే కోటి మందికి పైగా దానిని దించుకున్నారు. ఇంటర్నెట్ లేకున్నా సెల్ టవర్ల సంకేతాల ఆధారంగా బోగీలోని ఫోను తానెక్కడున్నదో అంచనా వేయగలగడం దాని ప్రత్యేకత. నేటి ప్రయాణికుడి ఫోను అందించే సమాచారం తరువాతి స్టేషనులో ఎదురుచూసేవారికి ఉపకరిస్తుంది. ఇక్కడ వినియోగదారుడు సేవను పొందడమే కాదు, తనకు తెలియకుండానే సేవను తయారుచేస్తున్నాడు. అతడిచ్చే సమాచారం ఎంతవరకు వాడుకుంటున్నారో అతడికి అర్థమయ్యే భాషలో చెప్పవలసిన బాధ్యత నిర్వాహకులపై అంతే ఎక్కువగా వుంటుంది.

ఇటువంటి సమాజాలలో అందరూ సమానంగా పాల్గొనరన్నది అనుభవం చెప్పే సత్యం. నూరుమందిలో 90 మంది చూసి వెళ్ళిపోతారని, 9 మంది అప్పుడప్పుడు చేయి కలుపుతారని, అధికభాగం పని ఒక్కరే చేస్తారని డెన్మార్క్‌కు చెందిన కంప్యూటర్ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2006లో ఒక సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అంకెల్లో తేడాలుండవచ్చుగాని, ధోరణి మాత్రం అందరూ ఎరిగినదే. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా సైతం కొద్దిమంది స్వచ్ఛంద సేవకుల నిరంతర శ్రమపైనే పెరిగింది. కనుక ఆ ఒక్కరిని గుర్తించడం, గౌరవించడం, అలసిపోకుండా చూసుకోవడం నిర్వాహకుల మొదటి కర్తవ్యం. మౌనంగా చదువుకొని వెళ్ళే 90 మందిని తక్కువ చేయకపోవడం రెండవది. గ్రంథాలయంలో మాట్లాడనివాడు పాఠకుడు కాకుండా పోడు.

మూడవది నియమపాలన. సభ్యులు పెరిగినకొద్దీ దూషణలు, అసత్య ప్రచారాలు, వ్యాపార ప్రకటనలు చొరబడతాయి. ఏది అనుమతిస్తారో, ఏది తొలగిస్తారో ముందే ప్రకటించి, తొలగించినప్పుడు కారణం చెప్పాలి. నాలుగవది వ్యక్తిగత సమాచార రక్షణ. విద్యార్థుల సమూహాలలో ఇది మరీ ముఖ్యం. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి వివరాల సేకరణకు తల్లిదండ్రుల సమ్మతి వుండాలని నిర్దేశించింది. సభ్యత్వ సంఖ్య పెంచుకోవాలన్న తొందరలో దీనిని విస్మరిస్తే నమ్మకం సడలుతుంది. పోయిన నమ్మకాన్ని ఏ సాంకేతిక మార్పూ తిరిగి తేలేదు.

ఖరగ్‌పూర్ తెలుగువారి దృష్టితో చూస్తే ఈ వ్యవహారంలో మరొక పార్శ్వం వున్నది. మూడు, నాలుగు తరాలుగా ఇక్కడ స్థిరపడిన కుటుంబాలలో పిల్లలు ఇంట తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బడిలో ఇంగ్లీషు వాడుతూ పెరుగుతారు. మాట వచ్చినంత సులువుగా అక్షరం రాదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఈ ప్రాంతపు తెలుగువారు చిరకాలంగా కోరుతున్న గుర్తింపు అది. హోదా ప్రభుత్వం ఇవ్వగలదు. చదివే అలవాటును మాత్రం సమాజమే ఇవ్వాలి. తెలుగు పుస్తకాల దుకాణానికి వందలాది కిలోమీటర్ల దూరంలో వున్న పిల్లవాడికి ఫోనులోని గ్రంథాలయం నిజంగా పెద్ద వరం. కాని అందులో తెలుగు గ్రంథాలున్నాయని, వాటిని ఎలా వెదకాలని, దేనితో మొదలుపెట్టాలని చెప్పే పెద్దదిక్కు ఒకరు కావాలి. ఆ పని ఏ యాప్ తనంతట తాను చేయజాలదు.

ఆంధ్ర దేశానికి ఇందులో ఒక అనుభవం వున్నది. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం పర్యవేక్షణలో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుండి కాలువలో పడవపై గ్రంథాలయం నడిచింది. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతడి రేవుకు వెళ్ళాలన్నది ఆనాటి పెద్దల సంకల్పం. పడవ ఒక్కటే ఆ ఉద్యమాన్ని నడపలేదు. రేవు రేవునా ఎదురుచూసిన పాఠకులు, పుస్తకం చేతికిచ్చి పలకరించిన కార్యకర్తలు నడిపారు.

నేటి పడవ సెల్‌ఫోను. దానికి కాలువలు తవ్వే పని చాలావరకు పూర్తయింది. చౌక ఇంటర్నెట్ వచ్చింది, కోట్ల వనరులు చేరాయి. ఇక కావలసినది రేవులో నిలబడే మనుషులు. ప్రతి పాఠశాల క్లబ్బుకు వారానికి ఒక గంట కేటాయించే ఉపాధ్యాయుడు, పాఠకుడి ఫిర్యాదుకు గడువులోగా జవాబిచ్చే యంత్రాంగం, ప్రాంతీయ భాషా గ్రంథాలపై తగినంత శ్రద్ధ సమకూరితే ఈ ప్రయత్నం సార్థకమవుతుంది. ఇందుకు అయ్యే వ్యయం కంప్యూటర్ యంత్రాల వ్యయంతో పోలిస్తే స్వల్పమే. రైల్వే క్వార్టర్లలోని తెలుగు పిల్లవాడు, అదే ఊరి ఐఐటి పంపిన గ్రంథాలయంలో తన భాషలోని పుస్తకాన్ని తెరిచి చదివిన నాడు ఖరగ్‌పూర్ రెండు ముఖాలూ ఒక్కటవుతాయి.